నిండు నిమిషం

"ఈ వార్డులో పడుకున్నది ముప్పై ఇద్దరు. ముప్పై ఇద్దరూ నిమిషానికి సరిగ్గా పద్దెనిమిది సార్లే ఊపిరి తీసుకుంటున్నారు. ఏంటి, అందరూ కూడబలుక్కున్నారా?"

తలెత్తి చూశాను. తెల్ల కోటు, నుదుటి మీద పడుతున్న జుట్టు, చేతిలో నేను అప్పుడే నింపిన చార్టుల కట్ట. మాతోపాటే ఆ రోజు హౌస్ సర్జన్‌గా చేరిన అమ్మాయి. వేరే కాలేజీలో చదివి వచ్చింది, ఇక్కడి పద్ధతులు ఇంకా తెలియవు పాపం అనుకున్నాను.

"అది అలాగే రాస్తారు," అన్నాను పెద్దరికం ఒలకబోస్తూ. "నాడి చూస్తాం, బీపీ చూస్తాం, జ్వరం చూస్తాం. ఊపిరి ఎవరు లెక్కపెడతారు? మనిషి బాగున్నాడా, పద్దెనిమిది. కొంచెం నీరసంగా ఉన్నాడా, ఇరవై."

"ఎవరు చెప్పారు?"

"సీనియర్లు."

"వాళ్లకెవరు చెప్పారు?"

"వాళ్ల సీనియర్లు. వంశపారంపర్యంగా వస్తున్న విద్య. మన చేతుల్లో చెడిపోకూడదు కదా."

పక్క మంచం మీది పేషెంటు కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు. కోటు జేబులోంచి స్ట్రాప్ తెగిపోయిన వాచీ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆ నవ్విన మనిషి పొట్ట వైపు చూస్తూ నిలబడింది. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. అలా నిండు నిమిషం కదలకుండా లెక్కపెట్టింది. ఆ నిమిషమూ నేను ఆమెను చూశాను. నా పతనానికి అదే మొదలని అప్పుడు తెలియలేదు.

"ఇరవై ఆరు," అంది.

"నవ్వాడు కదా, అందుకే."

మళ్లీ నిమిషం నిలబడింది. "ఇప్పుడు నవ్వలేదు. ఇరవై ఆరే." నా పద్దెనిమిదిని ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాసింది. "మిస్టర్ పద్దెనిమిది, ఈయన్ని సార్‌కి చూపించు."

సార్ వచ్చి చూసి, ఛాతీలో నెమ్ము చేరుతోందని మందు మార్చారు. సాయంత్రానికల్లా వార్డంతా నాకు పద్దెనిమిది అని పేరు స్థిరపడింది. నేను మాత్రం ఊరుకుంటానా? ఆమెకి గడియారం అని పెట్టాను.

* * *

గడియారంతో గొడవ పడని రోజు లేదు. ఆమె పక్కన డ్యూటీ పడకపోతే నాకు తోచేదీ కాదు.

"నీకింత పట్టుదల దేనికి?" అని ఒకసారి క్యాంటీన్‌లో అడిగాను. బయట వర్షం. ఆమె బిస్కెట్‌ని టీలో ముంచి, విరిగి పడేలోపు నోట్లో పెట్టుకోవడంలో మునిగి ఉంది.

"పిల్లల డాక్టర్ని అవుతా. నెలల పాప ఎక్కడ నొప్పో చెప్పగలదా? చెప్పలేదు. పొట్ట చెప్తుంది. అన్నిటికంటే ముందు ఊపిరే మారుతుంది. బీపీ పడిపోయేసరికి ఆలస్యం అయిపోతుంది."

"మరి ఇక్కడ అందరూ పెద్దవాళ్లే కదా, వాళ్లు చెప్తారుగా."

"చెప్తారు. మనం వింటే కదా?"

బిస్కెట్ విరిగి టీలో పడింది. తప్పు నాదేనన్నట్టు చూసింది. నాకు ఆ చూపు కూడా బాగుంది. చదువులో ర్యాంకు తెచ్చుకున్న బుర్ర, ఆ అమ్మాయి ఎదురుగా ఉంటే మాత్రం పని చేసేది కాదు.

మా ఇద్దరి సంగతి అందరికంటే ముందు పసిగట్టింది పదకొండో మంచం తాత. ఆయన టైలర్. కాలి మీద పుండు ముదిరి చేరాడు. ఎవరు దగ్గరికి వెళ్లినా ముందు కోటు చూసేవాడు, తర్వాతే మొహం.

"ఎడమ భుజం జారిపోయింది బాబూ," అనేవాడు నాతో. "కుట్టినవాడికి కుడి కన్నే పని చేస్తుందనుకుంటా."

"కాలు తగ్గనీ తాతా, నువ్వే సరిచేద్దువు గాని."

"నేను చెయ్యక్కర్లేదులే. ఆ డాక్టరమ్మ ఇటు వచ్చినప్పుడల్లా భుజాలు రెండూ వాటంతటవే సమంగా నిలబడుతున్నాయి."

చార్ట్ రాస్తున్న గడియారం తల దించుకుంది. చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆ వారం నేల మీద నడిస్తే ఒట్టు.

నెలాఖరుకి మా ఏడాది ట్రైనింగ్ అయిపోతుంది. ఆమెకి పిల్లల వైద్యంలో పై చదువుకి సీటు కూడా వచ్చేసింది, దూరంగా ఒక పెద్ద ఆస్పత్రిలో. వచ్చే వారం శుక్రవారం లోపు ట్రైనింగ్ పూర్తవుతున్నట్టు ఇక్కడి సర్టిఫికెట్ అందితే చాలు. అంటే నాకున్నది పది రోజులు. చెప్పేయాలి అనుకున్నాను. ఉత్త చేతులతో ఎలా చెప్పడం? ఆ తెగిన వాచీకి స్ట్రాప్ కొనాలి అనుకున్నాను.

* * *

ఆ మధ్యాహ్నం డ్యూటీ ఆమెది. ఒంటిగంటన్నరకి ఆపరేషన్ థియేటర్‌లో చేతులు తక్కువయ్యాయని ఆమెను పిలిచారు.

"పద్దెనిమిదీ, ఒక సాయం," అంది పరుగులోనే. "తాతకి పొద్దున కొంచెం జ్వరం ఉంది. రెండింటికీ నాలుగింటికీ అన్నీ చూసి చార్ట్‌లో రాయి. ఊపిరి లెక్కపెట్టి రాయి, ఊరికే రాయడం కాదు."

"అయ్యో, నిండు నిమిషం నిలబడతా. ఐదింటికి క్యాంటీన్‌కి రా, ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"అది నిలబడి చెప్పే మాట కాదు."

ఒక్క క్షణం ఆగింది. "వస్తా," అని వెళ్లిపోయింది.

రెండింటికి బీపీ చూశాను, జ్వరం చూశాను, మాత్ర ఇప్పించాను. వాచీ తీసేలోపు తాత అన్నాడు: "కొంచెం ఆయాసంగా ఉంది బాబూ."

"అన్ని కబుర్లు చెప్తే ఆయాసం రాక ఏమవుతుంది తాతా? కాసేపు నోరు మూసుకుని పడుకో."

నవ్వాడు. నేనూ నవ్వి, పద్దెనిమిది అని రాశాను.

మూడున్నరకి గేటు ఎదురుగా ఉన్న వాచీల షాపుకి వెళ్లాను. పది నిమిషాల పని. నల్లదా, గోధుమ రంగుదా అని తేల్చుకోలేక అరగంట పట్టింది. బయటికి వచ్చేసరికి కుండపోత. షాపు చూరు కింద నిలబడి, ఆమె ఏమంటుందో, దానికి నేనేమనాలో అన్నీ నేనే అనుకుంటూ ఉండిపోయాను. ఆ రోజు అంత సంతోషంగా ఉన్నాను నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వార్డుకి వచ్చేసరికి పావు తక్కువ ఐదు. తాత కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడులే అనుకున్నాను. నాలుగింటి గడిలో రెండింటి బీపీనే కొంచెం అటూ ఇటూ మార్చి రాశాను. ఊపిరి, పద్దెనిమిది.

మా దగ్గర ఎవరు చూసినా సరే, డ్యూటీ అయిపోగానే ఆ పూట అంకెలన్నిటి కింద డ్యూటీ డాక్టరే సంతకం పెట్టాలి. గడియారం థియేటర్ నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. చార్ట్ చూసి, "నిజంగా లెక్కపెట్టావా?" అంది.

"ఒట్టు," అన్నాను.

సంతకం పెట్టేసింది.

క్యాంటీన్‌లో టీ వచ్చింది. జేబులో చెయ్యి పెట్టి స్ట్రాప్ పట్టుకున్నాను. "చెప్పు మరి, కూర్చున్నాం కదా," అంది నవ్వుతూ. అప్పుడే ఫోన్ మోగింది. వార్డు సిస్టర్. పదకొండో మంచం.

మేం వెళ్లేసరికి తాత పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఆమె అరచేతిలో వాచీ పెట్టుకుని లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. పుండులోని విషం రక్తంలోకి ఎక్కేసింది. ఐసీయూకి తీసుకెళ్లారు. మూడో రోజు పొద్దున చనిపోయాడు.

* * *

ఏ పేషెంటు పోయినా మా ప్రొఫెసర్ గారు అందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చార్ట్ చదివిస్తారు. ఆ రోజు ఆయనే చదివారు.

"రెండింటికి పద్దెనిమిది. నాలుగింటికి పద్దెనిమిది. ఐదున్నరకి ముప్పై నాలుగు. గంటన్నరలో ఇలా పెరగదు. మూడు గంటలు ముందు మందు మార్చి ఉంటే బతికేవాడని చెప్పను. అవకాశం మాత్రం ఉండేది." కళ్లజోడు తీశారు. "ఇవి ఎవరు చూశారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను ఆ పాటి నిజాయితీ కూడా చూపించలేదు. కుక్కిన పేనులా కూర్చున్నాను.

గడియారం నా వైపు చూసింది. కోపంగా కాదు. లేస్తానని చూసింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు నాకు ఎదురుగా ఉంది. అది ఒక చుట్టు తిరిగింది. నిండు నిమిషం. లేవలేదు.

ఆమె లేచి నిలబడింది. "సంతకం నాది సార్."

"నువ్వు లెక్కపెట్టావా?"

"లేదు సార్. లెక్కపెట్టకుండా సంతకం పెట్టాను."

అదే వార్డులో ఇంకో మూడు నెలలు పని చేస్తే గానీ సర్టిఫికెట్ లేదన్నారు. అంటే శుక్రవారానికి అందదు. సీటు పోతుంది. గదిలో ఉన్న అందరికీ తెలుసు, నాకు అందరికంటే ఎక్కువ తెలుసు.

ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"నిన్ను ఎవరైనా అడిగారా?" అన్నాడు నాన్న.

"పేరు పెట్టి అడగలేదు."

"మరి అడగని దానికి జవాబెందుకురా? ఆ అమ్మాయే ఒప్పుకుంది కదా. నోరు మూసుకుని ఈ నెల గట్టెక్కు."

తాతతో నేనన్న మాటే అది. నోరు మూసుకుని పడుకో. నాన్న ప్రేమతోనే అన్నాడు. నాకూ కావలసిన మాటే అన్నాడు, అందుకే పట్టుకుని వేలాడాను. గురువారం ప్రొఫెసర్ గారి గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. శుక్రవారం తలుపు దాకా కూడా వెళ్లలేదు. ఆదివారం కోటు తొడుక్కుంటుంటే అద్దంలో ఎడమ భుజం జారిపోయి కనిపించింది. ఆ చెప్పిన మనిషి లేడు. మంచం మీద కూర్చుని ఏడ్చాను.

సోమవారం వెళ్లి చెప్పాను.

"శుక్రవారం ఎక్కడున్నావు?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"భయపడ్డాను సార్."

"ఇప్పుడు పోయిందా భయం?"

"లేదు సార్."

"పోకూడదు. ఆ భయం లేకపోతే ఈ పనికి పనికిరావు." నాకు ఆరు నెలలు పొడిగించారు. ఆమె సర్టిఫికెట్ మీద అప్పటికప్పుడు సంతకం పెట్టారు. అక్కడికి ఫోన్ కూడా చేశారు. ఆ సీటు శనివారమే జాబితాలో తర్వాతి వాళ్లకి ఇచ్చేశారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది. తేడా ఏమిటంటే, కాలినవి నా చేతులు కావు.

* * *

డ్యూటీ రూమ్‌లో ఆమె పుస్తకాలు సర్దుకుంటోంది.

"విన్నాను," అంది తల ఎత్తకుండానే. "థ్యాంక్స్ చెప్పాలా?"

"వద్దు. నేను అంతా పాడుచేశాను. నీతో ఆ రోజు చెప్పాలనుకున్నది... నిన్ను ప్రేమిస్తున్నాను. మొదటి రోజు నుంచీ."

పుస్తకం కింద పెట్టింది.

"రెండూ ఒకేసారి చెప్తున్నావా? ఒకటి మరకా, ఇంకోటి సబ్బా?"

"అలా కాదు..."

"నీ పేరు నేను చెప్పలేకపోయాననుకున్నావా? నేను చెప్తే అది చాడీ. నువ్వు చెప్తే నిజం. నువ్వు చెప్తావనే చూశాను. తాత నీతో ఆయాసంగా ఉందని చెప్పాడట కదా, సిస్టర్ చెప్పింది. నా మాట సరే, ఆయన మాటైనా వినాల్సింది."

ఇంకో పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"ఒక్కటి మాత్రం చెప్పు. నాలుగింటికి నువ్వు వార్డులో లేవట. ఎక్కడికెళ్లావు?"

స్ట్రాప్ నా కోటు జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. చెబితే కొంచెం కరుగుతుందేమో. నీ కోసమే వెళ్లానంటే నా తప్పు బరువు సగం దిగుతుందేమో. దిగిన సగం ఎవరి నెత్తి మీదికి వెళ్తుందో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. బతికినంత కాలం వాచీ చూసినప్పుడల్లా తాత గుర్తొస్తాడు ఆమెకి.

"పని ఉండి వెళ్లాను," అన్నాను.

"పని," అంది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

* * *

ఆరు నెలలు ఆరేళ్లలా గడిచాయి. ప్రతి మంచం దగ్గరా నిండు నిమిషం నిలబడ్డాను. మొదట్లో అది శిక్ష. ఒక మనిషి పక్కన నిమిషం పాటు ఊరికే నిలబడితే వాళ్లు ఏదో ఒకటి చెప్తారని తర్వాత తెలిసింది. నిద్ర పట్టడం లేదనో, కాలు తిమ్మిరెక్కుతోందనో, భయంగా ఉందనో. నేను వినడం నేర్చుకున్నది అలా. అక్కడే పై చదువు చదివాను, అక్కడే ఉండిపోయాను. ఆమెకి మరుసటి ఏడు ఇంకెక్కడో సీటు వచ్చిందని, పిల్లల డాక్టర్ అయిందని ఎవరో చెప్పారు.

అయిదేళ్ల తర్వాత ఒక పొద్దున్నే పదకొండో మంచానికి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన బస్సు కండక్టర్. పిత్తాశయం పగిలి, అర్జెంటుగా ఆపరేషన్ చేశాం. మర్నాడు కూతురు వచ్చింది.

నేను వార్డు గుమ్మంలోనే ఆగిపోయాను. అదే నుదురు, అదే జుట్టు. చేతిలో చార్ట్. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై ఐదు, ఇరవై రెండు. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదువుతోంది. తర్వాత చార్ట్ కింద పెట్టి తనే లెక్కపెట్టింది. వాచీ ఇప్పుడు మణికట్టుకే ఉంది.

"ఇరవై రెండు," అనుకుంది తనలో తాను. చార్ట్ మళ్లీ చూసింది.

"ఎవరమ్మా ఈ డాక్టరు?" అన్నాడు పెద్దాయన. "వచ్చిన ప్రతిసారీ టికెట్ చెకింగ్‌లా నా పొట్ట చూస్తూ నిలబడతాడు. కుర్ర డాక్టర్లంతా వెనకాల గడియారం గడియారం అంటుంటారు."

ఆమె వెనక్కి తిరిగింది. నన్ను చూసింది.

"ఆ పేరు నాది," అంది.

"నీ దగ్గర కొట్టేసినవన్నీ ఇక్కడే ఉన్నాయి," అన్నాను. నవ్విద్దామనుకున్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"మంచివాడిలా ఉన్నాడు. పెళ్లయిందా బాబూ?" అన్నాడు పెద్దాయన.

"నాన్నా!"

వరండాలోకి వచ్చాం. బయట వర్షం మొదలైంది.

"మా ఆస్పత్రిలో ముగ్గురు పిల్లలు నా కోసం ఎదురు చూస్తున్నారు, సీరియస్‌గా ఉన్నారు," అంది. "రేపటికల్లా అక్కడ ఉండాలి. రెండు రోజుల్లో వస్తా. నాన్నని ఎవరికి అప్పగించాలా అని దారంతా బెంగపడ్డాను. నీకు అప్పగించి వెళ్తున్నాను."

"నన్ను నమ్ముతున్నావా?"

"చార్ట్ చూశాను. నమ్ముతున్నాను."

ఆగలేకపోయాను. "మరి ఇంకేమీ..."

"నిన్ను నేను చాలా ప్రేమించాను," అంది వర్షం వైపు చూస్తూ. "ఆ మీటింగులో కూడా ప్రేమిస్తూనే ఉన్నాను. ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా. ఆ తర్వాత వెతికాను, దొరకలేదు. కోపం కూడా పోయింది, చూశావా? కోపం ఉన్నా బాగుండేది."

జల్లు మీద పడకుండా ఒక అడుగు లోపలికి జరిగింది.

"ఆ రోజు ఎక్కడికెళ్లావో ఇప్పుడైనా చెప్పు. అయిదేళ్లు ఆలోచించాను. నువ్వు మరీ అంత నిర్లక్ష్యం మనిషివి కాదు."

ఆ నల్ల స్ట్రాప్ నా టేబుల్ సొరుగులో ఉంది. నాలుగడుగులు వేస్తే తెచ్చి చేతిలో పెట్టొచ్చు. పెడితే వెతికినా దొరకనిది దొరుకుతుందేమో. ఆమె చేతికి ఉన్న వాచీని చూశాను. రేపు ఆ వాచీతోనే ముగ్గురు పిల్లల ఊపిరి లెక్కపెట్టాలి.

"పని ఉండింది," అన్నాను. "అంతే."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇక అడగలేదు. నాన్న మందుల గురించి రెండు జాగ్రత్తలు చెప్పి, కొంగు తల మీద కప్పుకుని వర్షంలోకి దిగింది. గేటు దాటేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

పదకొండో మంచం దగ్గరికి వచ్చి వాచీ తీశాను.

"ఏమంది మా అమ్మాయి?" అన్నాడు పెద్దాయన.

"మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకోమంది."

"నాకు కొంచెం ఆయాసంగా ఉంది బాబూ."

"చెప్పండి," అన్నాను కుర్చీ లాక్కుని. "ఎప్పటి నుంచి ఉంది?"